కిందకి సూడకు మావయ్యా

పోయిన వారం పంటి నొప్పితో మా మెట్‌పల్లిలో డాక్టరు దగ్గరికి వెళ్ళి వరసలో కూర్చున్నాను. గోడమీద టీవీ నడుస్తోంది కానీ సౌండు తీసేశారు. లోపల ఎవరైనా అరిస్తే మాకందరికీ బాగా వినపడాలని కాబోలు. అందులో పాతకాలపు బొమ్మల సినిమా ఒకటి మొదలైంది. టోపీ పెట్టుకున్న లావుపాటి ఎలుగుబంటి, మెడలో గంట కట్టిన బక్క మేక. అంతా కలిపి ఏడెనిమిది నిమిషాలుంటుంది. ఎలుగుబంటి నిచ్చెన ఎక్కి ఇంటికప్పుకు మేకులు కొడుతోంది. కింద మేక ఆ నిచ్చెనను ఒక్కో మెట్టూ నమిలేస్తోంది. నాకు తెలియకుండానే నోరు కదిలింది. "కిందకి సూడకు మావయ్యా, సూత్తే పడిపోతావు" అన్నాను.

పక్క కుర్చీలో పెద్దాయన తిరిగి చూశాడు. "ఏమన్నవ్ భాయ్?"

"ఏం లేదు పటేలా, పన్ను గుంజుతుంది" అన్నాను.

ఆ మాట నాది కాదు. ఆ యాస అంతకన్నా నాది కాదు. మాకు ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలంగాణ తెలుగు. ఇది కోనసీమలో పుట్టి, బహ్రెయిన్ దాకా వచ్చి, అక్కడ నాకు అంటుకున్న మాట. అంటించినామె పేరు ఇప్పుడు నాకు గుర్తు లేదు. పాస్‌పోర్టులో ఒక పేరుండేది, ఇంట్లోవాళ్ళు ఇంకో పేరుతో పిలిచేవారు, ఆ రెండిటిలో దేనికీ ఆమె మొదటి పిలుపులో పలికింది లేదు. "అక్కా" అంటే మాత్రం వంటింట్లోంచి వెంటనే "ఆయ్" అని వచ్చేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. సనాబిస్‌లో ఒక ఇంట్లో నేను డ్రైవర్ని, ఆమె పనిమనిషి. మా ఊరివాళ్ళ దృష్టిలో నేను దుబాయిలో ఉన్నాను. బహ్రెయిన్ వేరే దేశమని మా అమ్మకు చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను. మా కఫీల్, అంటే మాకు వీసా తీసి పనిలో పెట్టుకున్నాయన, అవాలిలో నూనె కంపెనీలో ఆఫీసరు. ఆయన్ని బాబా అనేవాళ్ళం. ఆయన భార్య బ్యాంకులో పనిచేసేది, ఆమె మాకు మేడం. ఇద్దరూ పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రారు. వాళ్ళకు ఒక్కతే కూతురు, అప్పటికి మూడేళ్ళు దాటిన పాప. తండ్రి పేరూ తాత పేరూ కలిసి ఆ పిల్ల పేరు బారెడుండేది. అక్క బుజ్జమ్మ అనేది, కాబట్టి నాకూ బుజ్జమ్మే.

అక్క నోరు ఊరుకునేది కాదు. మనుషులు దొరక్కపోతే వస్తువులతో మాట్లాడేది. వాషింగ్ మిషన్ గడగడలాడితే, "నెమ్మదమ్మా, నిన్నెవరూ తరమట్లేదు" అని దానిమీద చెయ్యి వేసేది. ఇస్త్రీపెట్టెను బావగారనేది. ఎందుకక్కా అంటే, "ఊరికే ఏడెక్కిపోతాడు తమ్ముడూ, మా బావగారూ అంతే" అని చెప్పింది. ఫ్రిజ్ పెద్దమ్మ. అన్నీ లోపల దాచుకుంటుందట, తలుపు పట్టుకు లాగితే గానీ ఏదీ ఇవ్వదట. ఇన్ని మాటల మనిషికి అరబ్బీ మాత్రం నాలుగు ముక్కలు దాటి రాలేదు. యల్లా అంటే పరుగెత్తాలి, ఖలాస్ అంటే ఆపాలి. మిగతాదంతా చేతులతో నడిపించేది.

ఆమె భయపడింది ఒక్కదానికే, మాల్‌లో కదిలే మెట్లకు. మేడం పాపను ఎత్తుకుని వాటిమీద పైకి వెళ్ళిపోతే అక్క సంచులు పట్టుకుని కిందే ఆగిపోయేది. లిఫ్టు మాల్‌కు ఆ చివర ఉన్నా సరే, అంతదూరం నడిచి దాంట్లోనే వెళ్ళేది. నేను నవ్వితే, "మెట్లు భూమిలోకి ఎల్లిపోతన్నాయి తమ్ముడూ, వాటెనకాల మనిషి ఎల్లడని ఏంటి నమ్మకం" అనేది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకూ వాటిమీద కాలు పెట్టేటప్పుడు కొంచెం జంకే.

ఇక ఆ బొమ్మల సినిమా సంగతి. బాబా చిన్నప్పుడు అవాలి సినిమాహాల్లో అసలు సినిమాకు ముందు ఇలాంటివి వేసేవారట. తను నవ్వినదానికి కూతురూ నవ్వాలని ఆ డిస్కు ఎక్కడో వెతికి తెచ్చాడు. అందులో మాటల్లేవు. బాజాలు, ఈలలు, దబీమని పడే చప్పుళ్ళు, అంతే. ఒక చోట మాటల్లేవంటే అక్క ఊరుకుంటుందా. తనే పెట్టేసింది.

మధ్యాహ్నం అన్నం వేళకు ఆ సినిమా పడాల్సిందే. అక్క సోఫాలో ఎప్పుడూ కూర్చునేది కాదు. దానికి వీపు ఆనించి, కార్పెట్ మీద మఠం వేసుకుని, ముద్దపప్పూ నెయ్యీ కలిపిన అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకునేది. ఎలుగుబంటికి ముక్కులోంచి వచ్చే బొంగురు గొంతు, మేకకు సన్నటి గొంతు. చలిలో వణుకుతూ వచ్చిన మేక తలుపు తడితే, "రావే మేకమ్మా, ఇల్లు నీదే అనుకో" అనేది ఎలుగుబంటి. మేక నిజంగానే అలా అనుకునేది. "నాకేం వద్దు మావయ్యా, ఓ మూల పడుకుంటాను" అంటూనే దిండు తినేసేది, దుప్పటి తినేసేది, అలారం గడియారం మింగేసేది. అది లోపల మోగితే, "కడుపులో బడి గంట కొడతన్నారు మావయ్యా" అని అక్క మేక తరఫున సిగ్గుపడేది. సినిమా అంతటా కురిసే మంచును ఉప్పు అనేది. వాళ్ళ ఊరవతల సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళు ఉన్నాయి, ఆమె చూసిన తెల్లటి నేల అదే.

నిచ్చెన మొత్తం మేక కడుపులోకి పోయాక కూడా ఎలుగుబంటి గాల్లో నిలబడి మేకులు కొడుతూనే ఉంటుంది. సంగతి దానికి తెలియదు. కిందకి చూసిందా, అప్పుడు పడుతుంది. అక్క సరిగ్గా అక్కడ ముద్దను పాప నోటి దగ్గర ఆపి, గొంతు తగ్గించి, "కిందకి సూడకు మావయ్యా, సూత్తే పడిపోతావు" అనేది. పాప భయంతో నోరు తెరిచేది. ముద్ద లోపలికి వెళ్ళేది, ఎలుగుబంటి కింద పడేది. రోజూ ఇంతే. నేను వంటింటి గుమ్మంలో అన్నం తింటూ ఎన్నిసార్లు చూశానో, ఎన్నిసార్లు నవ్వానో.

ఒకసారి అడిగాను. "గాల్లో ఎట్ల నిలబడ్తదక్కా, గింత ఎలుగుబంటి?"

"నేను నిలబడలేదేంటి తమ్ముడూ" అంది గిన్నె కడుగుతూ. "ఊరు దాటి ఎరగనిదాన్ని, విమానమెక్కి వచ్చేశాను. భాష రాదు, మనిషి తెలీదు. మా అమ్మాయి నర్సు సదువు అయ్యేదాకా కిందకి సూడకూడదనుకున్నాను. సూత్తే పడిపోనూ."

మొగుడు పోయిన మనిషి. ఆ అమ్మాయి కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకునేది, ఇంకో ఏడాది చదువుంది. ఆ ఏడాది గడిచేదాకా తన ఉద్యోగం ఉండాలి, అక్కకు కావలసిందల్లా అదే.

కారు వెనక సీట్లో అక్కా బుజ్జమ్మా ఉంటే నాకు రేడియో అక్కర్లేదు. జల్లాఖ్ బీచికి తీసుకెళ్ళిన రోజున ఆ పిల్ల అలల్ని చూసి, "అక్కా, బొమ్మలో ఉప్పు ఇక్కడ్నించే తెత్తారా" అని అడిగింది. సిగ్నల్ దగ్గర ఆగితే, "మావయ్యా, కారుకి ఆకలేత్తందా" అనేది. నన్నూ మావయ్యే అనేది. అక్కకు తమ్ముణ్ణి కాబట్టో, ఎలుగుబంటి పొట్టా నా పొట్టా ఒకే తీరుగా ఉండబట్టో తెలియదు. అరబ్బు పిల్ల కోనసీమ తెలుగు దంచుతుంటే నాకేమీ వింత అనిపించలేదు. నాతో ఇలా మాట్లాడుతోంది, వాళ్ళమ్మతో వాళ్ళ భాషలో మాట్లాడుతుంది కాబోలు అనుకున్నాను.

ఒక గురువారం బాబాను అవాలి నుంచి ఇంటికి తెస్తున్నాను. నాకు అరబ్బీ వచ్చని తెలిసినా, ఎప్పటిలాగే తన వచ్చీరాని హిందీలో ఉన్నట్టుండి మొదలుపెట్టాడు. "పాపకు మాట రాలేదు. మూడున్నరేళ్ళు, ఒక్క ముక్క లేదు. మేం చెప్పింది అర్థమవుతుంది, బదులు మాత్రం పలకదు. శనివారం పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి."

ఏ పాప అని అడగబోయి ఆగాను.

"మా అమ్మ ఏమంటుందంటే, ఆ పనిమనిషి పొద్దస్తమానం టీవీ ముందు కూర్చోబెట్టి పిల్లను మొద్దును చేసిందట, పంపేసెయ్యమంటోంది. నా భార్య రోజూ ఏడుస్తోంది, కానీ దానికి ఒప్పుకోవడం లేదు. ఆమె చేతిముద్ద తప్పితే పాప తినదు. చూద్దాం, డాక్టరు ఏమంటాడో." ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. అంత పెద్ద ఆఫీసరు అలా కళ్ళు తుడుచుకుంటే చూడలేకపోయాను. నోటి చివరిదాకా వచ్చింది గానీ, ముందు అక్కను అడగాలనిపించి ఊరుకున్నాను.

ఇంటికి రాగానే నేరుగా వంటింటికి వెళ్ళాను. అక్క చేపలకు పసుపూ ఉప్పూ రాస్తోంది.

"అక్కా, బుజ్జమ్మ వాళ్ళమ్మ ముంగట మాట్లాడదా?"

చెయ్యి ఆగింది. "మాటాడొద్దని నేనే సెప్పాను తమ్ముడూ."

"ఎందుకు?"

"మాటలొచ్చిన కొత్తలో ఒకనాడు నన్ను అమ్మా అంది. మేడం పక్క గదిలోనే ఉంది, వినలేదు. నాకు గుండె జారిపోయింది. ఎనకింట్లో పనిసేసే పాలకొల్లు పిల్లని ఎందుకు పంపేశారు? ఆ ఇంటి పిల్లాడు దాన్ని అమ్మా అమ్మా అని తిరిగినందుకే కదా. అందుకని, నేను అక్కని, ఆవిడ మేడం, మేడం బాబాల ముందు మన మాటలు మాటాడకూడదు, నోటిమీద ఏలు ఏసుకోవాలి అని నేర్పాను. ఆ పిల్ల నా మాట అసలు దాటదు."

"మరి మేడం ఏడుస్తుంటె సూడలేదా?"

"వాళ్ళ భాష రాలేదని ఏడుత్తందనుకున్నాను. అది నేర్పడానికి నాకొత్తే కదా."

"భాష కాదక్కా. పిల్ల మూగదనుకుంటున్నరు. ఎల్లుండి డాక్టరు కాడికి తీస్కపోతున్నరు."

ఆమె భయపడుతుందనుకున్నాను. కోపం వచ్చింది. "మూగదా? నా బుజ్జమ్మా? పొద్దున్న లేత్తే నా సెవులు తినేసే పిల్లని పట్టుకుని మూగదంటారా" అని చేపను పళ్ళెంలో టప్పుమని పడేసింది. ఆ తర్వాత మెల్లగా పీట మీద కూర్చుంది. "సెప్తే పంపేత్తారు తమ్ముడూ. పిల్లకి నోరు కట్టేసినదాన్ని ఎవరుంచుకుంటారు. అమ్మాయికి ఇంకా ఏడాది ఉంది."

నిజమే. చెప్పకపోతే డాక్టరు ఏదో పేరు చెప్తాడు, ఏవో మందులిస్తాడు, అక్క ఉద్యోగం ఉంటే ఉండొచ్చు. "జర ఆలోచన చెయ్యక్కా, ఇంక రెండు దినాలున్నయ్" అన్నాను.

"ఆలోచిత్తే కిందకి సూసినట్టే" అంది. "రేపు శుక్కురవారం, ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు. అన్నాలయ్యాక హాల్లో కూకోమను. నువ్వు పక్కనుండి నా మాట వాళ్ళకి సెప్పు."

మరునాడు జుమ్మా నమాజు నుంచి వచ్చి, భోజనాలయ్యాక, బాబా మేడం సోఫాలో కూర్చున్నారు. ఏమిటన్నట్టు నా వంక చూశారు. అక్క ఎప్పటిలాగే సోఫాకు ఆనుకుని కార్పెట్ మీద కూర్చుని, పాపను పక్కన పెట్టుకుని, డిస్కు వేసింది. మేక వచ్చి తలుపు తట్టింది.

"సెప్పు బుజ్జమ్మా, మావయ్య ఏమంటాడు?"

పాప వెనక్కి తిరిగి తల్లిని చూసింది. నోటిమీద వేలు వేసుకుంది. పైగా అక్క మర్చిపోయిందనుకుని, తన రెండో చెయ్యి అక్క నోటికి అడ్డం పెట్టింది.

"ఏం కాదమ్మా, ఇయ్యాల మాటాడొచ్చు." పాప తల అడ్డంగా ఊపింది. ఎంత బుజ్జగించినా అంతే. మేడం అరచేతుల్లో మొహం దాచుకుంది. బాబా నిట్టూర్చి, ఖలాస్ అంటూ రిమోట్ అందుకున్నాడు.

"ఉండండి బాబా" అంది అక్క, తెలుగులోనే. నేను అరబ్బీలో అదే మాట అన్నాను.

మేక దిండు తింటోంది. "మేకమ్మ దిండు కుడతంది" అంది అక్క. పాప చటుక్కున తిరిగి చూసింది. గడియారం కడుపులో మోగింది. "మేకమ్మ కడుపులో కోడి కూత్తంది." పాప అక్క చెయ్యి గిల్లింది. కనుబొమలు ముడిపడ్డాయి, పెదవులు బిగుసుకున్నాయి. నిచ్చెన వచ్చింది. ఒక్కో మెట్టూ మేక నోట్లోకి పోయింది, ఎలుగుబంటి గాల్లో మిగిలింది. అక్క హాయిగా వెనక్కి వాలి, "సూడు మావయ్యా, కిందకి సూడు, బాగా వంగి సూడు, ఏమీ అవదు" అంది.

పాప ఒక్క గెంతున లేచి నిలబడింది.

"కాదు! సూడకూడదు! కిందకి సూడకు మావయ్యా, సూత్తే పడిపోతావు. అక్కకి ఏమీ తెలీదు." అక్కడితో ఆగలేదు. గిర్రున తిరిగి తల్లి మోకాలు పట్టుకుని, "మేడం, నువ్వు సెప్పు అక్కకి" అంది.

టీవీలో ఎలుగుబంటి దబ్బున పడింది. ఆ రోజు దాని వంక ఎవరూ చూడలేదు.

బాబా నన్ను అడిగాడు. "ఇది భాషేనా?"

"భాషే బాబా. మా భాషే. ఒక్క తప్పు లేదు" అని పాప అన్నదంతా చెప్పాను. అక్క గోడ దగ్గరికి వెళ్ళి నిలబడి, అమ్మా అన్న రోజు నుంచి నోటిమీద వేలిదాకా అంతా చెప్పింది. ఏదీ తగ్గించి చెప్పలేదు. నేను అరబ్బీలో చెబుతూ పోయాను.

మేడం ఒకటే అడిగింది. "నన్ను మేడం అందా?"

"అవును మేడం" అన్నాను.

ఆమె సోఫా మీంచి దిగి కార్పెట్ మీద, అక్క కూర్చునే చోటే కూర్చుంది. మీ భాషలో తల్లిని ఏమంటారని నన్ను అడిగింది. చెప్పాను. తన గుండెమీద చెయ్యి పెట్టుకుని, "అమ్మ" అంది పాపతో. పాప అక్క వంక చూసింది, అనొచ్చా అన్నట్టు.

"అవునమ్మా, అమ్మే" అంది అక్క. "నేనే తప్పు సెప్పాను."

"అమ్మ" అంది పాప, అక్క గొంతుతో అచ్చం అలాగే. మేడం ఏడుస్తూ నవ్వింది. తర్వాత అక్క వైపు తిరిగి, పక్కన కార్పెట్ తట్టి చూపించింది, వచ్చి కూర్చోమని. బాబా గట్టిగా ముక్కు చీది, "యల్లా, మళ్ళీ మొదట్నుంచి వెయ్యి" అన్నాడు.

శనివారం డాక్టరు దగ్గరికి వెళ్ళారు, కానీ భయంతో కాదు. పాప ఆయన బల్లెక్కి కూర్చుని ఆయన్ని కూడా మావయ్యా అందట. ఆ తర్వాత ఇంట్లో కొత్త పద్ధతి వచ్చింది. సినిమా మధ్యాహ్నం అక్క తెలుగులో, సాయంత్రం మేడం అరబ్బీలో. సాయంత్రం ఆటకు అక్క కూడా పాప పక్కనే కూర్చునేది. పాపకు ఆర్నెల్లలో అరబ్బీ వచ్చేసింది. విచిత్రం, అక్కకూ వచ్చింది. కాకపోతే నేర్చుకున్నది ఎలుగుబంటి దగ్గర కాబట్టి, సందు చివర కొట్టువాణ్ణి ఉల్లిపాయలు అడిగినా ముక్కులోంచి ఆ బొంగురు గొంతే వచ్చేది. వాడు తక్కువ తూచడానికి భయపడేవాడని నా అనుమానం.

ఏడాది గడిచింది, ఇంకో ఏడాదీ గడిచింది. అమ్మాయికి కాకినాడలోనే ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, ఇక వచ్చెయ్యమ్మా అంది. అక్క వెళ్ళే రోజు అందరం ఎయిర్‌పోర్టుకు వెళ్ళాం. పాప అప్పటికి బడికి పోతోంది. రోజంతా అరబ్బీలో గలగలమనేది, తెలుగు అన్నం ముందూ అలిగినప్పుడూ మాత్రమే వచ్చేది. మేడం అక్కను కావలించుకుని వదల్లేదు. అక్క నా భుజం తట్టి, "పొట్ట తగ్గించు తమ్ముడూ" అంది. అదే మాకు వీడ్కోలు.

లోపలికి వెళ్ళాలంటే కదిలే మెట్లెక్కాలి. అక్క వాటి ముందు ఆగిపోయింది. వెనక జనం ఆగారు. సంచి ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది, కాలు ఎత్తింది, దింపింది. లిఫ్టు ఎక్కడుందో కనుక్కుందామని నేను కదలబోయాను. పాప మేడం చెయ్యి విడిపించుకుని వెళ్ళి, అక్క చెంగు పట్టుకుని, తల పైకెత్తి చెప్పింది.

"కిందకి సూడకు అక్కా. సూత్తే పడిపోతావు."

అక్క ఆ పిల్ల వంక ఒక్క క్షణం చూసింది. "ఆయ్" అంది. కళ్ళు పైకి పెట్టి మెట్టుమీద అడుగు వేసింది. మెట్లు ఆమెను తీసుకుపోయాయి. మేమందరం చేతులు ఊపాం, బాబా పేరు పెట్టి పిలిచాడు, మేడం కూడా పిలిచింది. అక్క మెడ నిలువుగా పెట్టుకుని అలాగే వెళ్ళింది, ఒక్కసారైనా తిరిగి చూడలేదు. పై మెట్టు దాటి కనపడకుండా పోయేదాకా పాప ఊపిరి బిగబట్టి చూసింది.

తర్వాత వచ్చి నా వేలు పట్టుకుంది.

"సూడలేదు మావయ్యా" అంది. "పడలేదు."